దేవుడు క్షేమం, పక్కింటివారి ఆచూకీ లేదు

శ్రీవారి కల్యాణం చేయించడానికి ఇప్పుడు తిరుమల కొండ ఎక్కనక్కర్లేదు. కరోనా ఏట, 2020 ఆగస్టులో, దేవస్థానం వారు ఆన్‌లైన్ కల్యాణోత్సవం మొదలుపెట్టారు. అప్పట్లో వెయ్యి రూపాయల టికెట్. మధ్యాహ్నం వేళ సంప్రదాయ దుస్తుల్లో టీవీ ముందు కూర్చుని, అర్చకస్వామి చెప్పినప్పుడు గోత్రనామాలు చెప్పుకుంటే సరి. ఉత్తరీయం, రవికె, అక్షింతలు పోస్టులో వస్తాయి. వాళ్లు మీకు కనబడతారు గానీ మీరు వాళ్లకు కనబడరు. అంచేత పంచె కట్టారా, నిక్కరుతోనే కానిచ్చేశారా అన్నది మీకూ వేంకటేశ్వరుడికీ మధ్య విషయం.

ఆ చివరి ముక్క మళ్లీ చదువుకోండి. మీకూ దేవుడికీ మధ్య విషయం! మతం వ్యక్తిగతం, విశ్వాసం ఎవరికి వారి సొంతం అని రెండు వందల ఏళ్లుగా ఆధునికులు గొంతు చించుకున్నది దీనికోసమే. వాళ్ల కోరిక తీరింది. దేవుడున్నాడు, టికెట్ ఉంది, డెలివరీ ఉంది. లేనిదల్లా క్యూలో మీ కాలు తొక్కేవాడు, చెవి పక్కనే గోవిందా అని కేక పెట్టేవాడు, కంపార్టుమెంటులో నాలుగు గంటలు కూర్చున్నాక తన పులిహోర పొట్లం విప్పి "తీసుకోండమ్మా" అనే ముక్కూమొహం తెలియని ముసలామె. వాళ్లను కరోనా తీసుకుపోలేదు. వాళ్లు లేకపోతేనే సుఖంగా ఉందని మనకు కరోనా తెలియజేసిందంతే.

పెద్ద పెద్ద మేధావులు వేసిన లెక్క వేరు. లోకంలోంచి మాయ తొలగిపోతోందని 1917లో మాక్స్ వేబర్ మ్యూనిక్ విద్యార్థులకు చెప్పాడు. ఇరవై ఒకటో శతాబ్దం వచ్చేసరికి భక్తులు ఎక్కడో చిన్న చిన్న గుంపులుగా మాత్రమే మిగులుతారని 1968లో పీటర్ బెర్జర్ అనే సామాజిక శాస్త్రవేత్త న్యూయార్క్ టైమ్స్‌కు చెప్పాడు. శతాబ్దం రానే వచ్చింది. భక్తులు గుంపులుగా కాదు, రైళ్లకు రైళ్లుగా మిగిలారు. 1999లో బెర్జరే ఒక పుస్తకం సంపాదకుడిగా, తన లెక్క తప్పిందని అచ్చులో ఒప్పుకున్నాడు. అంత అమర్యాద మన టీవీ జ్యోతిష్కులెవరూ ఇంతవరకు చేయలేదు.

బెర్జర్ తప్పింది ఒక్కచోటే. పోయేది దేవుడనుకున్నాడు. పోయింది పక్కింటాయన.

తెలుగునాట ఆధునికత మొదట్లో ఇలా ఒంటరిగా రాలేదు. జనం మధ్యకు, తగువు పెట్టుకుంటూ వచ్చింది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించాడు. ఊరంతా ఒకవైపు, ఆయనా ఆయన శిష్యులూ ఒకవైపు. త్రిపురనేని రామస్వామి చౌదరి పురోహితుణ్ణి పీటమీంచి లేపేసి పెళ్లితంతును తెలుగులో రాశారు, 'వివాహవిధి' అని. మంత్రం మారింది గానీ పందిరి అలాగే ఉంది, బంధువులూ అలాగే ఉన్నారు, అలిగిన మేనమామలతో సహా. గోరా 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, పున్నమి రాత్రుల్లో అన్ని కులాలవాళ్లనూ ఒకే బంతిలో కూర్చోబెట్టి భోజనాలు పెట్టాడు. దేవుడు లేడన్నవాడికి కూడా విస్తళ్లు వేయకుండా పనికాలేదు.

ఇవాళ్టి హేతువాది విస్తరి వేయడు. పోస్ట్ వేస్తాడు. పండగనాడు పొద్దున్నే లేచి, స్నానం కూడా చేయకుండా (అదో సిద్ధాంతం), "దేవుడుంటే నిరూపించండి" అని రాసి, కింద వచ్చే బూతులు లెక్కపెట్టుకుని సాయంత్రానికి పుణ్యం గడించిన ముఖంతో ఉంటాడు. తిట్టినవాడు ఇంకో ఊళ్లో ఇంకో సోఫాలో ఉంటాడు. ఒకరి గడప ఒకరికి తెలియదు. నేను నవ్వేది వీళ్లను చూసే, హేతువాదులందరినీ చూసి కాదు. 2013 ఆగస్టులో పుణెలో ఉదయపు నడకకు వెళ్లిన హేతువాది నరేంద్ర దభోల్కర్‌ను కాల్చి చంపారు. ఆయన ఊరూరా తిరిగి, జనం మధ్య నిలబడి మాట్లాడిన మనిషి. సోఫాలో కూర్చున్నవాణ్ణి కాల్చాల్సిన అవసరం ఎవరికీ లేదు.

సరే, హేతువాది సంగతి వదిలేద్దాం, వాళ్లెప్పుడూ పిడికెడుమందే. ఆధునికత అసలు దెబ్బ తగిలింది భక్తుడికి. అదీ బయట కాదు, లోపల. తనకు తెలియకుండానే అతను మతం మారిపోయాడు. ఇప్పుడు అతని ఇష్టదైవం సైన్సు. వేంకటేశ్వరుడూ, శివుడూ, ఆంజనేయుడూ ఆ దైవం దగ్గర అటెస్టేషన్ కోసం క్యూలో నిలబడ్డ అర్జీదారులు.

నమ్మకపోతే పొద్దున ఆరింటికి మీ బాబాయిగారు పంపే వాట్సాప్ చూడండి. గుడిలో గంట కొడితే కుడి మెదడూ ఎడమ మెదడూ ఏకమవుతాయి. తులసి ఓజోన్ వదులుతుంది. హోమంలో నెయ్యి పోస్తే బోలెడు ఆక్సిజన్ పుడుతుంది. మండేది ఆక్సిజన్‌ను మింగుతుందని బడిపుస్తకంలో చదువుకుని పాసైన మనిషే ఇది పదిమందికి పంపుతాడు. ఏకాదశి ఉపవాసానికి 2016లో నోబెల్ వచ్చింది; వచ్చింది నిజానికి కణాలు తమ చెత్తను తామే తినే తీరును పరిశోధించిన జపాన్ శాస్త్రవేత్త ఓసుమికి, ఆయన ఏకాదశి పేరు విన్నాడో లేదో మరి. అన్నిటికీ కింద ఒకే సంతకం: నాసా. పూర్వం మన వ్రతకథలన్నీ నైమిశారణ్యంలో సూతుడు శౌనకాది మునులకు చెప్పేవాడు. ఇప్పుడు నాసావారు బాబాయిగారికి చెబుతున్నారు. వినకపోతే కలిగే నష్టం మాత్రం పాతదే.

మా అమ్మమ్మ గడపకు పసుపు రాసేది, లక్ష్మీదేవి వస్తుందని. వస్తుందా రాదా అని ఎవరూ అడగలేదు, ఆవిడా సాక్ష్యం చూపించలేదు. మనవడు అదే గడపకు పసుపు రాస్తూ "యాంటీసెప్టిక్ కదండీ" అంటాడు. శ్రీమహాలక్ష్మిని డెట్టాల్ సీసా స్థాయికి దింపి, ధర్మాన్ని కాపాడానని ఛాతీ విరుచుకుంటాడు. ఏ నాస్తికుడూ ఆ తల్లికి ఇంత అవమానం చేయలేదు. నాస్తికుడు లేదన్నాడంతే. వీడు ఉందని ఒప్పుకుని, ఉద్యోగం మార్పించాడు.

దీనివల్ల పోయేదేమిటని అడగొచ్చు. ఏకాదశినే చూడండి. విష్ణువు కోసం ఉపవాసం ఉన్నవాడికి ద్వాదశినాడు పారణ ఉంది, పారణ వేళకు ఆకుముందు ఒక అతిథి కూర్చోవాలని చూపు వీధివైపు ఉండేది. కణాల చెత్త శుభ్రం కావడానికి ఉపవాసం ఉన్నవాడికి ఫోన్‌లో యాప్ చాలు. పదహారు గంటలయ్యాక అది గంట కొడుతుంది, ఇతను ఒక్కడూ వంటింట్లో నిలబడి బాదంపప్పులు నములుతాడు. ఆచారానికి ఎప్పుడైతే ఒంటికి సంబంధించిన కారణం దొరికిందో, అప్పుడే దానికి ఇంకో మనిషి అక్కర్లేకుండా పోయాడు.

ఒక న్యాయం మాత్రం చెప్పాలి. రాకెట్టు ఎగరేసే ముందు దాని నమూనాను శ్రీవారి పాదాల దగ్గర పెట్టడం, సూళ్లూరుపేట చెంగాళమ్మను దర్శించుకోవడం ఇస్రోవారికి అలవాటు. 2023 జూలైలో చంద్రయాన్-3కి ముందు కూడా జరిగింది. హేతువాదులు గుండెలు బాదుకున్నారు, రాజ్యాంగంలో శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుడి బాధ్యత అని 51ఎ అధికరణం చదివి వినిపించారు. నాకు అందులో పెద్ద తప్పు కనబడదు. ఇంధనం ఎంత పోయాలని చెంగాళమ్మను ఎవరూ అడగలేదు. లెక్క లెక్కలగదిలో అయింది, దండం గుళ్లో అయింది. లెక్క వచ్చినవాడు అమ్మవారికి దండం పెట్టడంతో చిక్కు లేదు. లెక్క రానివాడు అమ్మవారికి ఫిజిక్సులో పట్టా ఇవ్వడంతోనే చిక్కు.

1995 సెప్టెంబరు 21న దేశమంతటా వినాయకుడు పాలు తాగాడు. తలతన్యత, కేశనాళికీయత అని శాస్త్రవేత్తలు వెంటనే చెప్పేశారు, అది నిజం కూడా. కానీ ఆ ఒక్కరోజు చెంచా పట్టుకుని వీధిలోకి వచ్చిన జనం, పాలు చాలకపోతే పక్కింట్లో గ్లాసెడు అప్పు అడిగారు. ఇప్పుడు అదే అద్భుతం జరిగితే పది నిమిషాల డెలివరీలో పాలు తెప్పించుకుని, ఇంట్లో బొమ్మకే పట్టి, రీలు తీసి పెడతాం.

ఇక ఆధునికోత్తరుల వంతు. 1979లో కెనడాలోని క్విబెక్ ప్రభుత్వం విశ్వవిద్యాలయాల కోసం జ్ఞానం పరిస్థితి మీద ఒక నివేదిక అడిగితే, జాఁ ఫ్రాంస్వా లియొతార్ అనే ఫ్రెంచి తత్వవేత్త రాసిచ్చాడు. సారాంశం: పెద్ద కథల మీద ఇక ఎవరికీ నమ్మకం లేదు. మోక్షం ఒక పెద్ద కథ, విప్లవం ఒక పెద్ద కథ, విజ్ఞానం మనిషిని విముక్తుణ్ణి చేస్తుందన్నదీ ఒక పెద్ద కథే. సర్కారు నివేదిక చదివి లోకం మారిపోవడం చరిత్రలో అదే మొదలు, బహుశా అదే ఆఖరు కూడా.

ఆ గాలిలో మేలు లేకపోలేదు. "అందరి కథ" అని చెప్పేది ఎవరి కథ, చెప్పేవాడు ఏ వీధివాడు అని అడగడం మంచి ప్రశ్న. మన దగ్గర దళితులు, స్త్రీలు, ముస్లింలు ఆ ప్రశ్న అడిగినప్పుడు తెలుగు సాహిత్యంలో ఉక్కపోత తగ్గింది. అయితే ఆయుధం తయారుచేసినవాడికి అది ఎవరి చేతికి పోతుందో తెలియదు. పీఠాలను పడగొట్టడానికి చేసిన గునపాన్ని పీఠాధిపతులే పట్టుకుపోయారు. "సైన్సు మాత్రం ఏమిటండీ, అదీ ఒక నమ్మకమే కదా" అన్న మాట ఇవాళ పారిస్‌లో కంటే మన టీవీ చర్చల్లో ఎక్కువ వినబడుతుంది. చెప్పేవాడికి లియొతార్ అంటే ఏ టూత్‌పేస్టో తెలియదు, అవసరమూ లేదు.

2001లో యూజీసీ విశ్వవిద్యాలయాల్లో జ్యోతిర్విజ్ఞానం కోర్సులు పెట్టమంది. హైదరాబాద్ సీసీఎంబీని స్థాపించిన పుష్పమిత్ర భార్గవ ఇది సైన్సు కాదని కోర్టుకెక్కారు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టేసింది. 2004లో సుప్రీంకోర్టు కూడా కొట్టేసింది, చదువుల విషయం నిపుణులు చూసుకుంటారని. ఆ మధ్యలోనే, 2003లో, మీరా నందా ఒక పుస్తకం రాసి, సైన్సు మీద ఎడమవైపు మేధావులు వేసిన నిందలే కుడివైపు మతరాజకీయానికి పెట్టుబడి అయ్యాయని వాదించారు. ఎడమ మేధావులకు కోపం వచ్చింది. కుడివాళ్లకు రాలేదు, వడ్డీ లేని అప్పు ఇచ్చినవాడి మీద ఎవరికి కోపం వస్తుంది?

మన బాబాయిగారు ఈ రెండు తత్వాలనూ ఒకే రోజులో, ఒకే కుర్చీలో ఆచరిస్తారు. ఉదయం ఆరింటికి ఆధునికుడు: నాసా చెప్పింది కాబట్టి నిజం. మధ్యాహ్నం మేనల్లుడు గూగుల్‌లో వెతికి, నాసా అలా చెప్పలేదని చూపిస్తే ఆధునికోత్తరుడు: మన జ్ఞానం గురించి చెప్పడానికి నాసా ఎవడు, అది తెల్లవాడి చూపు. రాత్రికి దిష్టి తీయించుకుని నిద్రపోతారు. జాఁ ఫ్రాంస్వా లియొతార్ నాలుగు పుస్తకాల్లో సాధించలేని సమన్వయం ఇది.

పిల్లలు ఇంకా తెలివైనవాళ్లు. వాళ్లు వాదనే పెట్టుకోరు. "ఐ యామ్ నాట్ రిలీజియస్, ఐ యామ్ స్పిరిచ్యువల్" అంటారు. దేవుడి పేరు యూనివర్స్. కోరిక పేరు మేనిఫెస్టేషన్. కావలసిన జీతాన్ని పొద్దున మూడుసార్లు, మధ్యాహ్నం ఆరుసార్లు, రాత్రి తొమ్మిదిసార్లు నోటుబుక్కులో రాస్తే యూనివర్స్ పంపుతుందట. దీనికి నికోలా టెస్లాను ఋషిగా వేసుకున్నారు. రామకోటి రాసిన ముసలమ్మను చూసి నవ్విన ఇంట్లోనే ఈ నోటుబుక్కు ఉంటుంది. రామకోటి రాసినామె అది పూర్తయ్యాక భద్రాచలం పోయేది, పోతూ వీధిలో ఇద్దరిని వెంటేసుకుని పోయేది. యూనివర్స్‌కు గుడి లేదు, ఊరు లేదు, తద్దినం లేదు, చందా లేదు. యూనివర్స్ మీ పెద్దత్తతో మాట్లాడమనదు. అదే దాని మహిమ.

పున్నమికి అరుణాచలం పోయే బస్సులు చూడండి. పద్నాలుగు కిలోమీటర్ల గిరిప్రదక్షిణ, మధ్యలో తెలుగు బోర్డులు, తెలుగు టిఫిన్లు. మంచిదే, కాళ్లకు కూడా. ఇదే కొండకు 1950లో రచయిత చలం వెళ్లాడు. ఊళ్లో మర్యాదస్తులెవరూ ఇంటికి రానివ్వని చలం! తిరుగు టికెట్ తీసుకోలేదు. 1979లో అక్కడే పోయాడు, లియొతార్ నివేదిక అచ్చయిన ఏడే. ఇప్పటివాళ్లు శుక్రవారం రాత్రి స్లీపర్ బస్సెక్కి సోమవారం పొద్దున లాగిన్ అవుతారు. అహంకారం కొండ దగ్గర వదిలేశామని స్టేటస్ పెట్టి, ఎన్ని లైకులొచ్చాయో బస్సు ఊరు దాటకముందే చూసుకుంటారు.

చర్చీలవాళ్లు నవ్వనక్కర్లేదు. పల్లెలో రెల్లుకప్పు ప్రార్థన మందిరంలో మనిషి రెండు ఆదివారాలు కనబడకపోతే సంఘపెద్ద ఇంటికొచ్చేవాడు. కూలికెళ్లావా, జ్వరమా, తాగావా అని అడిగేవాడు. విసుగే, కానీ జ్వరమైతే గంజి కూడా వచ్చేది. ఇప్పుడు టీవీ దైవజనుడు స్క్రీన్ మీద చెయ్యి పెట్టమంటాడు, కింద ఫోన్‌పే నంబరు పోతుంటుంది. మీరు నెలరోజులు రాకపోయినా ఆయనకు తెలియదు. డబ్బు రాకపోతే తెలుస్తుందేమో.

నీ నిజం నీది, నా నిజం నాది అన్న ఒప్పందంలో ఉన్న సౌఖ్యం ఇది. నువ్వు తప్పు అనే హక్కు ఎవడికీ లేదు. అంచేత నిన్న ఎందుకు రాలేదని అడిగే హక్కు కూడా ఎవడికీ లేదు.

ఇక్కడ పాత ఊరిని తలుచుకుని కన్నీళ్లు పెట్టేవాళ్లు తయారవుతారు, వాళ్లకు రుమాలు ఇవ్వను. ఆ ఊరి గుళ్లో అందరూ ఉండేవాళ్లు అనడం అబద్ధం. జాతరకు డప్పు కొట్టినవాడు గుడి మెట్టు ఎక్కలేదు. అమ్మవారికి ముందు నడిచినవాడు ప్రసాదం దూరంనుంచి పట్టుకున్నాడు. 1947 మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది ఊరి మంచితనం వల్ల కాదు, ఊరి మీద పోరాడితే వచ్చింది. ఆధునికత చేసిన పని అది, దానికి దండం పెట్టాలి. పెట్టి, చుట్టూ చూడాలి. కులం అడిగిన చోట ఇప్పుడు ఆధార్ అడుగుతారు, టికెట్ అడుగుతారు. తిరుమలలో సర్వదర్శనం ఒకటి, మూడు వందల దర్శనం ఒకటి, శ్రీవాణి ట్రస్టుకు పదివేలు ఇచ్చి ఆపైన ఐదు వందలు కడితే బ్రేక్ దర్శనం ఒకటి. అందరూ సమానమే, వరసలు వేరు.

వరసల సంగతి వచ్చింది కాబట్టి లడ్డూ. బాలాపూర్ వినాయకుడి లడ్డూను 1994లో మొదటిసారి వేలం వేస్తే 450 రూపాయలు పలికింది. పాడుకున్నాయన లడ్డూను ఇంటివాళ్లకూ ఊరివాళ్లకూ పంచాడు, పొలంలో చల్లాడు. 2024లో అదే లడ్డూ 30 లక్షల వెయ్యి రూపాయలు. అదే ఏడు బండ్లగూడ జాగీర్‌లో ఒక విల్లాల కాలనీ లడ్డూ కోటీ 87 లక్షలు. డబ్బు సేవాకార్యక్రమాలకు పోతుందంటారు, పోనివ్వండి, సంతోషం. నా సందేహం వినాయకుడి గురించి. ఆయన గణాలకు అధిపతి, అంటే గుంపుకు పెద్ద. గేటు దగ్గర పేరు, ఫోన్ నంబరు, ఏ విల్లాకో రాసి, ఓటీపీ చెబితే గానీ లోపలికి వదలని చోట ఆయన గుంపు ఎక్కడ నిలబడుతుంది? తీన్మార్ కొట్టేవాళ్లను అద్దెకు తెస్తారు. నిమజ్జనం అయ్యాక సర్వీసు లిఫ్టు పక్కన వాళ్లకు ప్యాకెట్లు ఇస్తారు. ఆ పాత ఊళ్లో డప్పుకు గుడి బయట చోటు. ఇప్పుడు గేటు బయట. ముందుకు వచ్చిన దూరం కొలవడానికి టేపు కావాలి.

బహుళత్వం, భిన్న స్వరాలు, సరిహద్దులు చెరిపేయడం అని సెమినార్లు పెట్టేవాళ్లు అనంతపురం జిల్లా గూగూడు పోవాలి. పోయినవాళ్లున్నారు, పుస్తకాలూ వచ్చాయి. మొహర్రానికి అక్కడ కుళ్లాయిస్వామి పీరు లేస్తుంది. చక్కెర చదివించేది ముజావరు, మొక్కుకునేవాళ్లలో ఎక్కువమంది హిందువులు, కొడుక్కి కుళ్లాయప్ప అని పేరు పెట్టుకునేవాళ్లు. ఇది లియొతార్ చెబితే మొదలైంది కాదు. రాయలసీమ, తెలంగాణ పల్లెల్లో పీర్ల చావిడి దగ్గర గుండం చుట్టూ ఆడినవాళ్లెవరూ తాము సరిహద్దు చెరిపేస్తున్నామనుకోలేదు. సరిహద్దు గీసింది 1872 నాటి జనాభా లెక్కల కాగితం, మతం అనే గడి పెట్టి. ఆ తర్వాత గడిలో సరిగ్గా కూర్చోబెట్టే పని రెండువైపుల శుద్ధివాదులు తీసుకున్నారు. ఇది ఇస్లాం కాదని ఒకరు, ఇది మనది కాదని ఇంకొకరు. ఇద్దరూ పురాతన ధర్మం పేరే చెబుతారు. ఇద్దరి పనిముట్లూ కొత్తవి: కరపత్రం, మైకు, ఇప్పుడు యూట్యూబు.

ఈ ఏడాది మొహర్రానికి వీళ్లంతా ఒకేసారి గూగూడులో దిగారని ఊహిస్తున్నాను. ఆధునికుడు ఫారం పట్టుకొచ్చి "నీ మతం ఏమిటి, ఒక్కటే టిక్ పెట్టు" అంటాడు. ఆధునికోత్తరుడు రికార్డర్ ముందుపెట్టి "ఈ ద్రవరూప అస్తిత్వంలో మీరు ఎలా ఫీలవుతున్నారు" అంటాడు. శుద్ధివాదులిద్దరూ చెరో ఫ్లెక్సీ కట్టడానికి ఒకే కరెంటు స్తంభం కోసం తగువు పడుతుంటారు. బాబాయిగారు గుండంలోని నిప్పుల మీద నడిస్తే రక్తప్రసరణ మెరుగవుతుందని ఫోన్‌లో వెతుకుతుంటారు. చావిడి అరుగు మీద నుంచి తలగుడ్డ సర్దుకుంటూ ఒక కుళ్లాయప్ప దిగివస్తాడు, వీళ్లందరినీ కిందా మీదా చూసి అంటాడు:

"ఓ సామీ, పీరు లేచ్చాంది, దావ ఇడవండి. ఊరికే నిలబడేదానికైతే ఆ పక్కకు పోండి. లేదంటే గుండానికి కట్టెలు సాలలే, తలా ఒక మోపు మోసుకురాపోండి."

మోపు ఎత్తడానికి ముందు, దానికి రసీదు ఇస్తారా అని బాబాయిగారు అడుగుతారు.